మైల పట్టని చావు

కోడి రెక్కలతో పొదుగుతుందట, చేప చూపుతో పొదుగుతుందట, తాబేలు మాత్రం తలపుతోనే పొదుగుతుందట. మా అమ్మమ్మ చెప్పిన మాట ఇది. నడిసముద్రంలో ఉన్నా తల్లి ఒడ్డున పెట్టిన గుడ్లనే తలుచుకుంటూ ఉంటుందట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తల్లి అన్నాక క్షణం కూడా బిడ్డల్ని మరవకూడదనే మన పట్టుదల చివరికి తాబేలును కూడా వదల్లేదు కదా!

నిజానికి పొదిగేది ఇసుక. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్ళతో అడుగున్నర లోతు గొయ్యి తీసి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. పుట్టేది ఆడో మగో కూడా ఇసుక వేడే తేలుస్తుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. ఆడపిల్లను కన్నదని తల్లిని సాధించే నోళ్ళు ఇక్కడ ఎవర్ని సాధిస్తాయి?

అంతర్వేది, ఓడలరేవు వైపు మా కోనసీమ తీరానికి చలికాలం చివర ఈ తల్లులు వస్తాయి. కుక్కలూ నక్కలూ తవ్వెయ్యకుండా గుడ్లను ఏరి, అటవీ శాఖ వాళ్ళు వల కట్టిన దడిలో మళ్ళీ పాతి కాపలా కాసే పనిలో కొన్నేళ్ళుగా నేనూ ఉన్నాను. పెట్టిన కొద్ది గంటల్లోనే తేవాలి. గుడ్డును తిప్పకూడదు, తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. 45 నుంచి 60 రోజులు చూడాలి. పిల్లలు పైకి వచ్చాక సముద్రంలోకి వదిలెయ్యాలి. పెంపకం అంటే ఇంతే. అందులో 'నాది' అనేది ఏమీ లేదు.

అయినా ఒక తల్లిని గుర్తుపట్టాను. డిప్ప అంచున ఎడమ పక్క సొట్ట ఉండేది. దాని గుడ్లు 112. అవి దడిలో ఉండగానే, ఇరవయ్యో రోజున, అది ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కోసి చూస్తే కడుపులో మళ్ళీ గుడ్లు. తాబేలు నీళ్ళలో బతికినా ఊపిరికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే రాలేదు. తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలు ఉన్నాయి. ఆ దారిన చేపలూ పోతాయని పడవల వాళ్ళ భయం. 1994 నాటి చట్టం తీరానికి 8 కిలోమీటర్ల లోపల మరపడవల వేట వద్దంటుంది. చట్టం కాగితం మీద ఉంది, తాబేలు ఇసుక మీద ఉంది.

శవాన్ని ముట్టుకున్నానని ఇంట్లో తలస్నానం చెయ్యమన్నారు. కళ్ళు తుడుచుకుంటుంటే మాత్రం, "అదేమైనా నువ్వు పెంచిందా ఏంటమ్మా?" అన్నారు మా అత్తగారు. అంటు ఉంది గానీ మైల లేదన్నమాట! కోడి పోయినా గేదె పోయినా ఆడవాళ్ళ ఏడుపుకి కనీసం నష్టం అనే పేరుంది. డబ్బు పోయింది పాపం అంటారు. ఇక్కడ డబ్బూ లేదు, చుట్టరికమూ లేదు. మరి ఏడుపెందుకు?

ఎందుకో నాకు లెక్క తెలుసు. మేం వదిలిన పిల్లల్లో వెయ్యికి ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు. అది గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పదేళ్ళ పైనే పడుతుంది. అంటే చచ్చిపోయిన ఆ ఒక్క తల్లి, వెయ్యి పిల్లల మీద మేం పెట్టుకున్న ఆశ. చేతులతో పెంచే పని చేసేవాళ్ళకి ఆ లెక్క కడుపులో తెలుస్తుంది. ఏడవడానికి సొంతదారు కానక్కర్లేదు.

ఆ రోజు సాయంత్రం కూడా దడి దగ్గరికి వెళ్ళాను. ఎండ ముదురుతోందని తాటాకు పందిరి సరిచేశాను. దుఃఖానికి నాకు దొరికిన మందు అదే. యాభై రెండో రోజు తెల్లవారుజామున ఇసుక కుంగింది. 87 పిల్లలు బయటికొచ్చాయి. రిజిస్టర్‌లో గూటి నంబరు, గుడ్లు, పిల్లలు అని గడులున్నాయి, తల్లికి గడి లేదు. పక్కన ఖాళీలో దాని సొట్ట గురించి, అది పోయిన తారీఖు గురించి రాశాను. ఇప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చే ప్రతి తల్లికీ అలాగే రాస్తున్నాను.