కొండ కడుపులో కర్ణం

పదో తరగతి లెక్కల్లో ఏది మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంటుంది. లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం, మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం. ఈ సూత్రానికి పేరిచ్చిన పైథాగరస్ పుట్టింది గ్రీసులోని సామోస్ దీవిలో. టర్కీ తీరం అక్కణ్నుంచి కూతవేటు దూరం... ఇరుకైన చోట సముద్రం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు.

దీవిలోని పాత రేవు ఊరిని ఒకప్పుడు టిగాని అనేవారు. గ్రీకులో పెనం అని అర్థం! 1955లో దాన్ని పైథాగోరియోగా మార్చారు. రేవు గట్టున లంబకోణ త్రిభుజం ఆకారంలో ఓ పెద్ద శిల్పం, అందులోనే చేయి పైకి చాచి నిలబడ్డ పైథాగరస్. 1988లో పెట్టారు. నిజానికి ఈ లెక్క ఆయన కంటే వెయ్యేళ్లకు పైగా ముందే బాబిలోన్ వాళ్లకు తెలుసు. మన బౌధాయన శుల్బసూత్రంలోనూ ఉంది. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మన తాపీమేస్త్రి ఓ పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు కొలిచి, అడ్డంగా అయిదడుగులు వస్తేనే మూల సరిగ్గా ఉందంటాడు. అదీ ఇదే.

విగ్రహం దగ్గర ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తే మాత్రం అసలు వింత చూడనట్టే. ఊరి వెనక కొండను తొలిచిన యుపాలినోస్ సొరంగం అది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం నాటిది. ఊరికి నీళ్లు కొండకు అవతలున్న ఊట నుంచి రావాలి. కాలువ బయట తవ్వితే ముట్టడికొచ్చిన శత్రువు ముందు దాన్నే తెంపేస్తాడు. అందుకని మెగారా నుంచి వచ్చిన యుపాలినోస్ కొండలోంచే దారి తీశాడు. పొడవు 1,036 మీటర్లు. అదీ రెండు చివర్ల నుంచి ఒకేసారి, ఉలీ సుత్తీలతో! గురి కాస్త తప్పితే రెండు జట్లూ ఒకరినొకరు దాటి వెళ్లిపోతాయి. ఏళ్ల చాకిరీ మట్టిపాలు.

గురి ఎలా కుదిరింది? తర్వాత ఆరేడు వందల ఏళ్లకు అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ ఇలాంటి పనికి ఓ పద్ధతి రాశాడు. కొండ చుట్టూ లంబకోణాల్లో మలుపులు తిరుగుతూ నడవాలి. మొత్తమ్మీద తూర్పుకు ఎంత జరిగామో, ఉత్తరానికి ఎంత జరిగామో కూడితే త్రిభుజం రెండు భుజాలూ దొరుకుతాయి. ఉదాహరణకు అవి 600, 800 మీటర్లనుకోండి. వర్గాలు 3,60,000, 6,40,000. మొత్తం పది లక్షలు, దాని వర్గమూలం 1,000. సొరంగం పొడవు అదే. రెండు భుజాల నిష్పత్తి దిక్కు చెబుతుంది. యుపాలినోస్ ఇలాగే చేశాడా, కొండ మీదుగా వరసగా కర్రలు పాతి గురి చూశాడా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకైతే కర్రలే నమ్మబుద్ధేస్తుంది.

కలిసే చోటు దగ్గరపడ్డాక దారిని కావాలనే వంచారట, పక్కపక్కనే సాగిపోకుండా. గడుసువాడే! నేల మట్టంలో వచ్చిన తేడా సుమారు 60 సెంటీమీటర్లు. నీటి కాలువను మాత్రం సొరంగం అంచునే వేరుగా, ఇంకా లోతుకు తవ్వారు. ఉత్తరాన 4 మీటర్లు, దక్షిణాన 8 మీటర్లకు పైనే. నీళ్లు పారాలంటే వాలు కావాలిగా.

ఏథెన్స్ నుంచి విమానంలోనైనా, ఓడలోనైనా వెళ్లొచ్చు. విమానాశ్రయం పైథాగోరియో పక్కనే. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న అరిస్టార్కస్‌దీ ఈ దీవే, విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. సొరంగంలో దారి బాగా ఇరుకు. లోపల చల్లగా ఉంటుంది, చిన్నపిల్లలుంటే స్వెట్టర్లు మర్చిపోకండి.