ప్రతినిధి పత్రము

మెక్సికో దేశమున వహాకా ప్రాంతమువారు చేపను చుట్టి యుడికించుటకు ‘ఓహా సాంతా’ యను వెడల్పైన యాకును వాడుదురు. పవిత్రపత్రమని దాని యర్థము. ఇది మన తమలపాకునకును, మిరియపుతీగెకును సగోత్రము. అది దొరకక, ఆ చుట్టరికమును బట్టి మేము తమలపాకులను జతపఱచి చుట్టి చూచితిమి. పొట్లము కుదిరినది, సోపును దలపించు పరిమళము మాత్రము రాలేదు. ఆ యాకు చేయు పనులు రెండు: చేపను గప్పుట, వాసన నిచ్చుట. కప్పుటకు అరటియాకును, వాసనకు చిటికెడు సోపుగింజలను గైకొనగా రుచి కొంత దరిజేరినది. కావున ప్రతినిధిని వంశమును బట్టి గాక గుణమును బట్టి యెన్నుకొనవలయును. సోమలత లభింపనిచోట పూతికను గ్రహింపుమని మన శ్రౌతశాస్త్రమే చెప్పినది. ఆకు లేదని వంట మానుట యేల? అయితే వడ్డించునపుడు, ఇది ఓహా సాంతా కాదని యతిథికి జెప్పుట మన విధి.