వెర్మాంటులో నొక చిన్న దేవాలయము

హిమవంతుని గూర్చి కావ్యములలో చదివినవారమే కాని, మేము మంచు నెన్నడును కన్నులార చూచినవారము కాము. 2018వ సంవత్సరమున మావారు అమెరికాలోని యొక యున్నత పాఠశాలలో ఏడాదిపాటు గణితము బోధింపవలసి వచ్చెను. వెంట మేమును పోతిమి. ఆ యూరు వెర్మాంటు రాష్ట్రమున కనెక్టికట్ నది యొడ్డున నున్నది. ఆవలి యొడ్డు న్యూహాంప్‌షైరు రాష్ట్రము. అక్టోబరు మాసాంతమున తొలి మంచు కురిసినంతనే, పాదలేపము కరగిపోయిన ప్రవరుని యవస్థ మాకును పట్టినది. ఇంటికి పోవు దారి లేదు; మాటాడుటకు మనిషి లేదు. మావారు బడికి పోయిన పిదప గోడలే మాకు తోడు.

అట్టి దినములలో పొరుగింటి వృద్ధురాలు గుమ్మడికాయతో చేసిన భక్ష్యము నొకటి పట్టుకొని మా వాకిట నిలిచిరి. అచ్చట పెద్దలనైనను పేరు పెట్టియే పిలుతురు. డెబ్బదియేడేండ్ల యావిడను పేరు పెట్టి పిలుచుటకు మాకు నోరాడలేదు. "పెద్దమ్మగారూ" అంటిమి. అర్థము విని వారు మురిసిపోయి, తమ్మట్లే పిలువుమనిరి. మరుసటి ఆదివారము మమ్ము తమ దేవాలయమునకు తోడ్కొనిపోయిరి.

అది ఎపిస్కోపల్ సంఘమువారి గుడి. తెల్లరంగు వేసిన కొయ్య కట్టడము. నూరుమంది పట్టు చోట ఇరువదిమందియే కూర్చుందురు. ఎపిస్కోపల్ అనగా బిషప్పుల పాలనలో నుండునది. అమెరికా స్వతంత్రమైన పిదప, అచ్చటి ఆంగ్లికనులు ఇంగ్లాండు రాజునకు విధేయులమని ప్రమాణము చేయజాలక, 1784లో శామ్యూల్ సీబరీ అను గురువును స్కాట్లాండుకు పంపి అబర్డీను నగరమున బిషప్పుగా అభిషేకము చేయించుకొనిరి. వారి ప్రార్థన గ్రంథము 1789లో వెలువడినది. ఇప్పుడు వాడునది 1979 నాటి కూర్పు. స్త్రీలు గురుత్వము వహింపవచ్చునని ఆ సంఘమువారు 1976లో తీర్మానించుకొనిరి. ఈ గుడి గురువుగారును స్త్రీయే. మూడు గుళ్లను చూచుకొనవలసినవారగుటచే ఆదివారము విడిచి ఆదివారము వత్తురు. తక్కిన వారములందు ఊరివారిలో నొకరు ప్రార్థన చదువుదురు.

గురువు నెలకు రెండు దినములే వచ్చు గుడిని నిలిపియుంచునది యెవరని మేము మొదట ఆలోచింపలేదు. పెద్దమ్మగారి వంటయింట మాకది తెలిసినది. ఆల్టర్ గిల్డు అని యొక చిన్న మండలి గలదు. అందు పెద్దమ్మగారును మరి యిద్దరును మాత్రమే మిగిలిరి. బలిపీఠముపై పరచు నారబట్టలు ఉదుకుట, వెండిపాత్రలు తోముట, కాలమును బట్టి తెరల రంగు మార్చుట వారి పని. ఆగమన కాలమునకును ఈస్టరు ముందరి నలువది దినముల వ్రతమునకును ఊదా, క్రిస్మసుకు ఈస్టరుకు తెలుపు, పెంతెకొస్తునకు ఎరుపు, సామాన్య దినములకు ఆకుపచ్చ. ప్రభుభోజనమున వాడిన బట్టలను మొదట జాడించిన నీరు కాలువలో పారబోయరాదు, మట్టిలోనే పోయవలెను. అది వినినంతనే మా యత్తగారు తీర్థపు నీరు, నిర్మాల్యము ఎవరును తొక్కని చోట వేయుమని చెప్పెడి మాట జ్ఞప్తికి వచ్చెను.

వారి వంటయింటి కిటికీలో నీలిరంగు అట్టపెట్టె యొకటి యుండెడిది. మంచి జరిగిన ప్రతిసారి గృహిణి యందొక నాణెము వేయును. సంవత్సరమునకు రెండుమారులు వాని నన్నిటిని సమకూర్చి లోకోపకారమునకు పంపుదురు. స్త్రీలు 1889లో ప్రారంభించిన ఈ కానుక నేటికిని సాగుచున్నది. మనము కోరిక తీరుటకై ముడుపు కట్టుదుము. వారు తీరినదానికి కట్టుచున్నారు. మన తెలుగు క్రైస్తవ గృహములలో వండుకొనునప్పుడు దేవునికై పిడికెడు బియ్యము తీసియుంచు వాడుక గలదు గదా! పెద్దమ్మగారికి చెప్పగా, "ఆ పద్ధతియే మేలు, నేను మంచి దినములందు మాత్రమే వేయుచున్నాను, వారు దినదినము తీయుచున్నా"రనిరి.

నవంబరు నాలుగవ గురువారము అచ్చట కృతజ్ఞతా పర్వము. ఆ యేట నది 22వ తేది. మరునాడు కార్తిక పూర్ణిమ. రాత్రి వారింట భుజించి వచ్చి, మంచు పేరుకొనిన మెట్లమీద దీపము పెట్టితిమి. డిసెంబరులో దేవదారు కొమ్మల చక్రమున నాలుగు కొవ్వొత్తులు నిలిపి, వారమున కొకటి చొప్పున వెలిగించిరి. మాకది ధనుర్మాసపు నెలగంట వంటిదిగా తోచినది.

2019 జనవరి 6 ఎపిఫనీ పండుగ, ఆదివారము. జ్ఞానులు శిశువును దర్శించిన దినము. ఆనాడు కాఫీవేళ మేమొక మాట చెప్పితిమి. ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పు అజరయ్యగారు 1912 డిసెంబరు 29న అభిషిక్తులై, 1945లో దివంగతులగు వరకు మన దోర్నకల్లున పనిచేసిరనియు, మన దేశపు శిల్పరీతులు కలిపి కట్టిన అచ్చటి ఎపిఫనీ దేవాలయము 1939లో సరిగా ఆ దినముననే ప్రతిష్ఠింపబడెననియు, 1947లో ఆ మండలము దక్షిణ ఇండియా సంఘమున చేరెననియు వివరించితిమి. ఎనుబదేండ్ల ఆ గుడి చిత్రము నందరును మా ఫోనులో చేతులు మార్చుకొని చూచిరి. "అది నిండుగా నుండునా?" అని యొకరు అడిగిరి. ఆ ప్రశ్న యెందులకు పుట్టెనో రెండు వారములకు తెలిసినది.

జనవరి మాసాంతమున సర్వసభ్య సమావేశము జరిగెను. గుడిని వెచ్చగా నుంచు పాత ఫర్నేసు చెడిపోయినది. బాగుచేయించు ఖర్చు ఏడాది చందాలలో సగమునకు మించును. గుడి మూసివేసి పొరుగూరి సంఘమున కలిసిపోవుదమని యొకరు ప్రతిపాదించిరి. ఎవరును కోపగింపలేదు, అందరి మనసులలోను ఆ మాట యుండియేయుండెను. పెద్దమ్మగారు మాత్రము లేచి, "మూయుట నిశ్చయమైనచో చెప్పుడు. బీరువానిండ బట్టలున్నవి. ఎవరికీయవలెనో ఈదినమే వ్రాసికొందును" అనిరి. ఎవరును పేరు చెప్పలేకపోయిరి. తుదకు, పైగుడి మూసి, ఈస్టరు వరకు క్రింది వంటశాలలో ప్రార్థన జరుపుకొనుటకును, ఈలోగా ఫర్నేసునకు సొమ్ము కూర్చుటకును నిశ్చయమైనది.

మూడవ దినమున పెద్దమ్మగారు గడ్డకట్టిన మంచుమీద జారి, కుడి మణికట్టు విరుగగొట్టుకొనిరి. బట్టలు మమ్ము చూడుమనిరి. అన్యమతస్థులము, ఆ బట్టలు తాకవచ్చునా? గురువుగారు సంతోషముతో నొప్పుకొనిరి. మా మనసు మాత్రము ఊగిసలాడుచుండెను. అత్తగారికి ఫోను చేసితిమి. "దేవుడి గుడ్డలు ఉతకడానికి నన్నడగాలా? తలస్నానం చేసి మడిగా ఉతుకు" అనిరి.

తడిగానుండగనే ఇస్త్రీ చేయవలెను. పెద్దబట్టను పొడవున మూడు, వెడల్పున మూడు మడతలు వేయగా తొమ్మిది గళ్లు తేలవలెను. రెండవ వారముననే ఒక మూల మాడ్చితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉదయముననే కొనిపోయి చూపగా, పెద్దమ్మగారు ఎడమచేతితో బీరువా అడుగు సొరుగు లాగి, గోధుమరంగు మచ్చ గల మరియొక బట్టను మా చేతిలో పెట్టిరి. క్రొత్తకోడలుగా 1963లో తాము మాడ్చినదట! ఏబదియారేండ్లు అది ఎవరికిని చూపలేదట.

మార్చి 5 మంగళవారము వ్రతమునకు ముందు దినము. ఇంటనున్న గ్రుడ్లు, వెన్న ఖర్చగుటకై అట్లు పోసి విందు చేయుదురు; మన అట్లతద్ది స్త్రీల కది పరిహాసముగా తోపవచ్చును. మరునాడు భస్మ బుధవారము. గత సంవత్సరపు మట్టల ఆదివారపు ఆకులు కాల్చిన బూడిదతో గురువుగారు నుదుట గురుతు పెట్టి, మట్టివారు మట్టిలో కలియుదురని గుర్తుచేయుదురు. విభూతి పెట్టుకొను ఇంట పుట్టిన మాకు విడమరచి చెప్పనక్కరలేకపోయెను.

ఆ నెలయే మేపుల్ పాకపు కాలము. రాత్రి గడ్డకట్టి పగలు కరగు దినములలో మేపుల్ చెట్లనుండి తీపినీరు కారును. మన తాటిబెల్లమువలెనే కాచవలెను. నలువది గ్యాలనుల నీరు మరిగిన ఒక గ్యాలను పాకము. వేడిపాకమును శుభ్రమైన మంచుమీద పోయగా తీగసాగు మిఠాయి యగును. దానిని పుల్లని దోసకాయ యూరగాయతో తినుట వెర్మాంటువారి యాచారము. ఫర్నేసు నిధికై సంఘము స్త్రీలు ఈ విందు పెట్టి టికెట్లమ్మిరి. మేము మా నిమ్మకాయ యూరగాయ బల్లమీద పెట్టితిమి. తిన్న ఇద్దరును మంచుగడ్డలు నోట వేసికొనిరి. సీసా మాత్రము ఖాళీయైనది. ఆ రాత్రి లెక్క చూడగా సొమ్ము ముక్కాలువాసి సమకూడినది. మిగిలినది ఊరివారు, గుడి మెట్లెక్కనివారు సైతము, ఇచ్చిరి.

ఈస్టరు తేది చంద్రుని బట్టి వచ్చును. మార్చి 21గాని, ఆ పిమ్మటగాని వచ్చు తొలి పున్నమ గడచిన ఆదివారము అది. ఆ యేట ఏప్రిలు 19 చైత్ర పూర్ణిమయే వారి శుభ శుక్రవారమైనది. ముందునాటి గురువారము రాత్రి, క్రీస్తు శిష్యుల పాదములు కడిగిన దానికి గురుతుగా, ఒకరి పాదములు మరియొకరు కడుగుదురు. పెద్దమ్మగారి పాదములు మేము కడిగి తుడిచితిమి. పెద్దల పాదములు తాకుట మాకు క్రొత్తగాదు గదా! పిమ్మట వారు కట్టు విప్పిన చేతితో చెంబు పట్టి మమ్ము కుర్చీలో కూర్చుండుమనిరి. మేము వెనుకకు తగ్గితిమి. పెద్దవారిచేత కాళ్లు కడిగించుకొనుట మా రక్తమున లేదు. చేతులు జోడించితిమి. వారేమియు ననలేదు, చెంబు క్రింద పెట్టిరి. వారి ముఖము చిన్నబోవుట మాత్రము చూచితిమి.

శనివారము రాత్రి పెరటిలో క్రొత్త నిప్పు రాజేసి, దానితో వెలిగించిన పెద్ద వత్తి పట్టుకొని పైగుడిలో ప్రవేశించిరి. ఫర్నేసు వెచ్చగా పనిచేయుచుండెను. బలిపీఠముపై మేము మాడ్చిన బట్టయే పరచియుండెను. మచ్చ గల మూల లోపలికి మడిచియుంచిరి. పెద్దమ్మగారు మావైపు చూచి కన్నుగీటిరి.

జూనులో తిరిగివచ్చితిమి. 2020లో వచ్చిన కరోనా విపత్తున ఆ గుడియు నెలల తరబడి మూయబడి, మరల తెరువబడినది. ఇప్పుడు బట్టలు ఉదికి ఇస్త్రీ చేయువాడు మోటారు కార్ఖానాలో పనిచేయు నొక పడుచువాడట. తొమ్మిది గళ్లును సరిగా తీర్చునట. పెద్దమ్మగారు వ్రాసిన లేఖలలో ప్రతిదాని చివర నొకటే వాక్యము: "నీ పాదములు నాకింకను బాకీ." ఆ బాకీ తీరకుండగనే 2022లో వారు కాలము చేసిరి.

సేవ చేయుట మనకు చిన్ననాటనే నేర్పుదురు. ఒకరు ప్రేమతో చేయు సేవను కూర్చుండి స్వీకరించుట మాకెవరును నేర్పలేదు. ఆ గురువారము రాత్రి తలపునకు వచ్చినపుడెల్ల, ఆ కుర్చీలో కూర్చుండియుండవలసినదనియే అనుకొందుము.