పదును

తొలకరి పడగానే మా అత్త చేలోకి వెళ్లి పిడికెడు మట్టి తీసి నొక్కి చూసేది. ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోతే "పదునుంది, చోళ్లు చల్లుకోవచ్చు" అనేది. మట్టి పదును ఇంత తెలిసిన మా ఇళ్లలో ఆడదాని ఒంటి సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు.

నేను చదువుకున్నదాన్నే. పాడేరు మన్యంలో ఒక ఆశ్రమ పాఠశాలలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. పునరుత్పత్తి పాఠం వచ్చేసరికి "మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసేదాన్ని.

పెళ్లయి 3 ఏళ్లయినా నాకు కడుపు పండలేదు. అత్త దిసారి దగ్గరికి తీసుకెళ్లింది. చుట్టాల్లో మారుమనువు మాట మొదలైంది. మా ఆయనది దూరంలో ఉద్యోగం. 14వ రోజున గుడ్డు విడుదలవుతుందని చదివాను కదా, ఆ లెక్కకే ఆయన్ని రప్పించేదాన్ని. రెండు రోజులుండి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత వారానికి తెల్లబట్ట అయ్యేది. జబ్బనుకుని, సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా మందు మింగేదాన్ని.

చివరికి ఉపకేంద్రం నర్సమ్మ అడిగింది, "టీచరమ్మా, నెలసరి ఎన్ని రోజులకు వస్తుంది?" 35 రోజులకన్నాను. "మరి 14వ రోజు మీకెలా సరిపోతుంది? రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు గుడ్డు విడుదలవుతుంది. మీకది 21వ రోజు దగ్గర. అదీ అంచనాయే. ఒంటిని చూసుకోండి" అంది.

నెలసరి ఆగాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత జిగట కనిపిస్తుంది. అది పచ్చి గుడ్డులోని తెల్లసొనలా తేటగా, జారుడుగా, రెండు వేళ్ల మధ్య సాగేలా మారితే అవే అనువైన రోజులు. గుడ్డు ఒక్క రోజుకు మించి బతకదు. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతకగలవు. గుడ్డు విడుదలయ్యాక, పొద్దున లేవకముందు చూసే ఒంటి వేడి కాస్త పెరుగుతుంది. కానీ అది జరిగిపోయినదాన్ని చెబుతుంది, ముందుగా చెప్పదు.

నేను మందు మింగి పోగొట్టుకోవాలనుకున్నది జబ్బు కాదు, నా పదును.

ఆ రోజులకు మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు. నాలుగో నెలలో నెలసరి తప్పింది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే భార్యాభర్తలిద్దరూ డాక్టరును కలవాలి. 35 ఏళ్లు దాటినవారు 6 నెలలకే వెళ్లాలి. లోపం మగవారిలోనూ ఉండవచ్చు. ఒక్క ఆడదాన్నే నిందించడం అన్యాయం.

ఈ ఏడాది ఆ పాఠం ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపే చెప్పాను. గంట కొట్టాక ఒక పిల్ల వెనకే వచ్చి మెల్లగా అడిగింది, "మేడమ్, తెల్లబట్ట అయితే జబ్బేనా?"

"దుర్వాసన, దురద, పొత్తికడుపు నొప్పి ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. అవేవీ లేకుండా తేటగా ఉంటే నీ ఒళ్లు బాగా పనిచేస్తోందని అర్థం" అన్నాను.

ఆ మాట నాకు పదిహేనో ఏట ఎవరూ చెప్పలేదు.