అయిదో నంబరు చొక్కా

బేస్‌బాల్ గురించి మనకు తెలిసింది తక్కువ. బ్యాటు గుండ్రంగా ఉంటుందని, బంతిని కొట్టి చుట్టూ తిరిగి పరుగెత్తుతారని... చాలాకాలం నాకూ అంతే తెలుసు. మా అక్కావాళ్ళు అట్లాంటాలో స్థిరపడ్డాక, వాళ్ళ పిల్లాడి పుణ్యమా అని కొంచెం కొంచెం వంటబట్టింది. విచిత్రమేమిటంటే, నాకు ఆట కంటే ముందు అర్థమైంది ఆట లేని కాలం!

అక్కడ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ మ్యాచే. ఒక్కో జట్టు 162 ఆడుతుంది. అక్టోబరులో అసలు పోటీలు, ఆఖర్న వరల్డ్ సిరీస్. నవంబరు మొదటి వారానికల్లా అంతా సద్దుమణుగుతుంది. మళ్ళీ ఫిబ్రవరి మధ్యలో సాధన శిబిరాలు. ఈ మధ్య మూడున్నర నెలలూ బంతి కదలదు. కదిలేది ఆటగాళ్ళు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి... యాజమాన్యాలు లెక్కలు వేసుకునే కాలం అది. దీనికి ‘హాట్ స్టవ్’ అని ఓ ముద్దుపేరు. వెనకటి రోజుల్లో చలికి పొయ్యి చుట్టూ చేరి జనం ఈ కబుర్లే చెప్పుకునేవాళ్ళట. చలిమంట వేసుకున్న రచ్చబండ అనుకోండి.

ఆ కబుర్లలో అన్నీ పందేలూ పరాచికాలే ఉండవు. ఏడుపులు కూడా ఉంటాయి. 2022 మార్చిలో మా అక్క ఇంట్లో అదే జరిగింది.

అట్లాంటా జట్టు పేరు బ్రేవ్స్. అందులో ఫ్రెడ్డీ ఫ్రీమన్ అని మొదటి బేస్ దగ్గర నిలబడే ఆటగాడు. ఆ స్థానం తమాషా అయినది. బంతిని కొట్టిన ప్రత్యర్థి ముందు చేరేది అక్కడికే. చాలామంది కాసేపు అక్కడే నిలబడాలి. ఫ్రీమన్ వాళ్ళతో మాట్లాడతాడు, భుజం తడతాడు, తెలిసినవాడైతే కౌగిలించుకుంటాడు. పెళ్ళివారింట్లో గుమ్మం దగ్గర నిలబడి, అటువైపు బంధువుల్ని కూడా ‘భోంచేశారా’ అని అడిగే పెదనాన్నలాంటి మనిషి. పదేళ్ళ వయసులో తల్లిని చర్మ క్యాన్సర్‌తో పోగొట్టుకున్నాడు. ఆవిడ గుర్తుగా ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కాతోనే ఆడతాడు. ఇలాంటి మనిషిని పిల్లలు ఇష్టపడకుండా ఎలా ఉంటారు?

పుట్టింది కాలిఫోర్నియాలో అయినా, 2007లో స్కూలు చదువు ముగియగానే బ్రేవ్స్ తీసుకుంది. 2010లో పెద్ద జట్టులోకి వచ్చాడు. మా అక్క కొడుకు పుట్టింది ఆ ఏడే. అంటే వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ బ్రేవ్స్ అంటే ఫ్రెడ్డీ, ఫ్రెడ్డీ అంటే బ్రేవ్స్. ఆయన నంబరు 5. వాడికి ప్రతి పుట్టినరోజుకీ ఆ నంబరు చొక్కానే కావాలి. పొడుగైనకొద్దీ చొక్కా సైజు మారేది గానీ నంబరు మారేది కాదు.

2021 నవంబరు 2న హ్యూస్టన్‌లో బ్రేవ్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. 1995 తర్వాత మళ్ళీ అప్పుడే. ఆ రోజు ఫ్రీమన్ హోమ్‌రన్ కొట్టాడు. ఆఖరి వికెట్... కాదు, అక్కడ ‘అవుట్’ అనాలి, దానికి షార్ట్‌స్టాప్ డాన్స్‌బీ స్వాన్సన్ బంతి అందుకుని విసిరితే మొదటి బేస్ దగ్గర ఫ్రీమన్ పట్టాడు. ఆ ఫొటో మావాడి గదిలో గోడ మీద ఉంది. అప్పటికి ఎవరికీ పట్టని సంగతి ఒకటుంది. ఆ బంతి గ్లవ్‌లో పడేసరికి ఫ్రీమన్ ఒప్పందం కూడా ముగిసినట్టే!

తర్వాత జరిగింది చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది. డిసెంబరు 2 నుంచి యాజమాన్యాలకీ, ఆటగాళ్ళ సంఘానికీ ఒప్పందం కుదరక లీగుకే తాళం పడింది. 99 రోజులు. ఆ తాళం ఉన్నన్నాళ్ళూ జట్లు ఆటగాళ్ళతో బేరాలాడకూడదు. మార్చి 10న తాళం తీశారు. 14న బ్రేవ్స్ నలుగురు కుర్రాళ్ళను ఓక్లండ్‌కి ఇచ్చి మ్యాట్ ఓల్సన్‌ని తెచ్చుకుంది. ఆయన ఆడేదీ మొదటి బేస్ దగ్గరే. ఆ స్థానంలో ఇద్దరికి చోటుండదు. మర్నాడే ఓల్సన్‌తో ఎనిమిదేళ్ళ ఒప్పందం, 16 కోట్ల 80 లక్షల డాలర్లు. ఆ వారంలోనే ఫ్రీమన్ లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో ఆరేళ్ళకి సంతకం పెట్టాడు, 16 కోట్ల 20 లక్షలు. ఆరో ఏడాది ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే అట్లాంటాలో పీటముడి పడిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఓల్సన్‌ని తెచ్చిన రోజు విలేకరుల ముందు బ్రేవ్స్ వ్యవహారాలు చూసే అలెక్స్ ఆంథోపౌలోస్ కళ్ళు తుడుచుకున్నాడు. వదులుకున్నవాడూ ఏడ్చాడు, వెళ్ళినవాడూ ఏడ్చాడు. మరి ఎవరి కోసం జరిగిందో ఈ బేరం!

లెక్క చూస్తే బ్రేవ్స్‌ది తప్పనలేను. ఫ్రీమన్‌కి అప్పటికి 32 దాటాయి, ఓల్సన్ నాలుగున్నరేళ్ళు చిన్న. ఏడాదికి చూసుకుంటే ఫ్రీమన్‌కి 2 కోట్ల 70 లక్షలు, ఓల్సన్‌కి 2 కోట్ల 10 లక్షలు. మిగిలిన డబ్బుతో మరో ఆటగాడు వస్తాడు. పైగా ఓల్సన్ పరాయివాడు కూడా కాదు, అట్లాంటా పక్కనే లిల్‌బర్న్‌లో పెరిగిన కుర్రాడు, చిన్నప్పుడు బ్రేవ్స్ అభిమాని. కోడల్ని ఊళ్ళో నుంచే తెచ్చుకున్నట్టు. తిట్టుకోవడానికి కూడా వీల్లేదు పాపం.

మావాడు మాత్రం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. గోడ మీద ఫొటో తీసేస్తానన్నాడు. అక్క ఫోన్ చేసి నన్ను మాట్లాడమంది. పత్రికలో పనిచేస్తాను కాబట్టి అన్నిటికీ నా దగ్గర సమాధానం ఉంటుందని మా ఇంట్లో నమ్మకం! ‘నీకు అర్థమయ్యేలా చెప్తా, మన హైదరాబాద్ జట్టుకి వార్నర్ ఉండేవాడు కదా’ అని మొదలుపెట్టాను. 2016లో కప్పు తెచ్చిపెట్టాడు. తెలుగు పాటలకు భార్యాపిల్లలతో స్టెప్పులేసి మన ఇళ్ళలో మనిషైపోయాడు. అలాంటివాణ్ణి 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు, తర్వాత జట్టులోంచే తప్పించారు. ఆయనేమో స్టాండ్స్‌లో కూర్చుని మన జెండానే ఊపాడు. 2022 వేలంలో ఢిల్లీ 6.25 కోట్లకు తీసుకుపోయింది. మేమూ బాధపడ్డాం, కోపమంతా సన్‌రైజర్స్ మీద చూపించాం...

వాడు పూర్తిగా విన్నాడు. తర్వాత అడిగాడు: “వార్నర్‌ని వాళ్ళు పంపేశారు పిన్నీ. ఫ్రెడ్డీ సంతకం తనే పెట్టాడు కదా? ఎక్కువ డబ్బు కోసమే కదా వెళ్ళాడు?”

స్పీకర్ ఫోన్‌లో ఉంది. పక్కనే ఉన్న బావ ‘వాడికి నిద్రొస్తోంది, రేపు మాట్లాడదాంలే’ అన్నాడు. మాకు ఉదయం అయితే వాళ్ళకి రాత్రి. అయినా తొమ్మిది కూడా కాలేదు.

బావ సంగతి చెప్పాలి. 2006లో గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి అమెరికా వెళ్ళాడు. పిల్లలకి ఇష్టమైన మాస్టారు. వీడ్కోలు రోజు విద్యార్థులు బస్టాండు దాకా వచ్చారట. వాళ్ళమ్మగారికి ఒక్కడే కొడుకు. రెండేళ్ళకి వస్తానన్నవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. అత్తయ్యగారు చాలా ఏళ్ళు ఎవరు పలకరించినా ఒకే మాట అనేవారు: “డబ్బుకి పోయాడమ్మా.” కోపంగా కాదు. ‘వాన పడిందమ్మా’ అన్నట్టు అనేవారు. ఆ మాట బావ చెవిన ఎన్నిసార్లు పడిందో నాకు తెలీదు. పదకొండేళ్ళ కొడుకు నోట వినడం మాత్రం అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఒక మనిషి సంతకం పెట్టి తనకు నచ్చిన చోటుకి వెళ్ళడం బేస్‌బాల్‌లో తేలిగ్గా వచ్చిన హక్కు కాదు. ఒకప్పుడు ఆటగాడు ఏ జట్టులో చేరితే జీవితాంతం ఆ జట్టు సొత్తే. వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తే వెళ్ళాలి, ఇవ్వకపోతే ఉండాలి, లేదా ఆట మానుకోవాలి. 1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తన ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. పన్నెండేళ్ళు ఆడాడు అక్కడ. ఆయన వెళ్ళనన్నాడు. నేను అమ్ముకునే వస్తువుని కాదంటూ ఆ క్రిస్మస్ ముందురోజు కమిషనర్‌కి ఉత్తరం రాశాడు, తర్వాత కోర్టుకెళ్ళాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆయన ఆట అక్కడితో దాదాపు అయిపోయింది. కానీ తలుపు కదిలింది. 1975 డిసెంబరులో వేరే ఇద్దరు ఆటగాళ్ళ కేసులో మధ్యవర్తి తీర్పుతో అది తెరుచుకుంది. ఇప్పుడు పెద్ద లీగులో ఆరేళ్ళు పూర్తిచేసినవాడు ‘ఫ్రీ ఏజెంట్’ కావచ్చు. ఫ్రీమన్ 2014లోనే బ్రేవ్స్‌తో ఎనిమిదేళ్ళకి కుదుర్చుకోవడంతో ఆ స్వేచ్ఛ ఆయనకి 2021 ఆఖరికి గానీ రాలేదు.

ఇదంతా చదివాక నాకు ఒకటి అనిపించింది. జట్టు ఆటగాణ్ణి మార్చేస్తే దాని పేరు వ్యాపారం. ఆటగాడు జట్టు మారితే దాని పేరు ద్రోహం. పనిచేసేవాడి విషయంలో ఎక్కడైనా ఇంతే కదా! కానీ ఈ మాట పదకొండేళ్ళవాడికి చెప్పి ఏం లాభం? వాడికి కావలసింది చరిత్ర కాదు, ఫ్రెడ్డీ.

ఆ జూన్‌లో ఇరవై రోజులు సెలవు పెట్టి నేను అట్లాంటా వెళ్ళాను. అప్పుడే డాడ్జర్స్ జట్టు అక్కడికొచ్చింది. జూన్ 24, శుక్రవారం. బావ ఎలా సంపాదించాడో నాలుగు టికెట్లు సంపాదించాడు. మావాడు అయిదో నంబరు చొక్కా వేసుకునే వచ్చాడు గానీ దారి పొడవునా ‘నేను గోల చేస్తాను, చూడు’ అంటూనే ఉన్నాడు. గోల అంటే మన దగ్గర ఈలలు వేస్తాం, అక్కడ ‘బూ’ అంటారు.

మ్యాచ్‌కి ముందు విలేకరులతో మాట్లాడుతూనే ఫ్రీమన్ ఏడ్చేశాడని కార్లో రేడియో చెప్పింది. మైదానంలోకి వచ్చాడు. ఒంటి మీద పరాయి జట్టు చొక్కా, నంబరు అదే 5. పెద్ద తెర మీద ఆయన పన్నెండేళ్ళ ఆట చూపించారు. తర్వాత 2021 గెలుపు ఉంగరం ఇచ్చారు, అప్పటిదాకా దాచి ఉంచారు మరి. ట్రూయిస్ట్ పార్కు మొత్తం లేచి నిలబడింది. నాకు ఆ ఆట అప్పటికీ సగమే తెలుసు. అయినా గొంతులో ఏదో అడ్డుపడింది. ఆయన కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ చెయ్యి ఊపడం, మళ్ళీ తుడుచుకోవడం... పక్కన చూస్తే మావాడు కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నాడు. ‘బూ’ లేదు, ఏమీ లేదు. అరిచీ అరిచీ గొంతు పోయింది. బావ మాత్రం కూర్చునే ఉన్నాడు. చప్పట్లు కొడుతున్నాడు గానీ లేవలేదు. నేను అటు చూడకుండా మైదానం వైపు తిరిగాను.

మర్నాడు వీడియో కాల్‌లో అత్తయ్యగారికి మనవడు ఆ దృశ్యం చూపించాడు. ఆవిడకి బేస్‌బాలూ తెలీదు, ఫ్రీమనూ తెలీదు. అంతా చూసి, “ఎవర్రా ఆ అబ్బాయి, అంతగా ఏడుస్తున్నాడు?” అన్నారు. మనవడు వచ్చీరాని తెలుగులో కథంతా చెప్పాడు. ఇక్కడే ఉండేవాడు, ఎక్కువ డబ్బులిస్తే అక్కడికి వెళ్ళాడు, నిన్న మళ్ళీ వచ్చాడు అని.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “డబ్బుకే పోయినవాడు అట్లా ఏడవడురా. పోవాల్సొచ్చి పోయుంటాడు” అన్నారు. బావ వంటింట్లో కాఫీ కలుపుతున్నాడు. చెంచా చప్పుడు ఆగింది. ఆవిడ అది కొడుక్కి వినబడాలనే అన్నారా అంటే... అనుకోను. ఆవిడ అంత లెక్కేసి మాట్లాడే మనిషి కాదు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 2022 డిసెంబరులో స్వాన్సన్ కూడా ఏడేళ్ళ ఒప్పందంతో షికాగో కబ్స్‌కి వెళ్ళిపోయాడు. ఆయనా అట్లాంటా పక్క ఊరి పిల్లాడే. గోడ మీద ఫొటోలో బంతి విసిరినవాడూ పోయాడు, పట్టినవాడూ పోయాడు. అయినా మావాడు ఆ ఫొటో తియ్యలేదు. 2023లో ఓల్సన్ 54 హోమ్‌రన్లు కొట్టి బ్రేవ్స్ చరిత్రలోనే రికార్డు సృష్టించాడు. ‘చూశావా, మనవాళ్ళ లెక్క తప్పలేదు’ అన్నాడు వాడు. 2024 అక్టోబరు 25న వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో, కాలి నొప్పితో కుంటుతున్న ఫ్రీమన్ పదో ఇన్నింగ్స్‌లో ఒక్క దెబ్బతో నాలుగు పరుగులు తెచ్చి న్యూయార్క్ యాంకీస్ మీద మ్యాచ్ ముగించాడు. వరల్డ్ సిరీస్‌లో అలా ముగియడం అదే మొదటిసారి. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడూ ఆయనే. అర్ధరాత్రి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడట మావాడు. లెక్క తప్పలేదన్న నోటితోనే!

ఆ డిసెంబరులోనే బ్రేవ్స్ మంచి బౌలర్... అంటే పిచ్చర్, మ్యాక్స్ ఫ్రైడ్ కూడా యాంకీస్‌కి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు, 21 కోట్ల 80 లక్షల డాలర్లు. పాపం మళ్ళీ అన్నం మానేస్తాడేమోనని ఈసారి నేనే ఫోన్ చేశాను. పద్నాలుగేళ్ళవాడు తాపీగా చిప్స్ నములుతున్నాడు.

“ఎనిమిదేళ్ళా! ముప్ఫై ఒకటి వస్తున్నాయి పిన్నీ అతనికి. చెయ్యికి ఒకసారి ఆపరేషన్ కూడా అయింది. మనవాళ్ళు అంత ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా” అన్నాడు.

ఫ్రైడ్ చొక్కా ఉందా నీ దగ్గర అని అడిగాను. ఇప్పుడు పేరున్న చొక్కాలు కొనడం లేదట. వీపు మీద ఏమీ రాయనివి దొరుకుతాయి, అవే బాగుంటాయన్నాడు.