వేసవిలో పిల్లలకి నాటకం నేర్పించాలంటే బోర్డు చూసి కాదు, మాస్టార్ని చూసి చేర్చండి



ఈసారి పంట గురించి కాదు, పిల్లల గురించి రాస్తున్నా. పోయిన వేసవిలో మా మనవరాలికి నాటకం నేర్పే చోటు కోసం నేను తిరిగిన తిరుగుడు మీలో కొందరికి తెలుసు. "ఎక్కడ చేర్చావు, ఎంత తీసుకున్నారు, ఏం నేర్పారు" అని ఈ నెలలోనే ఓ పదిమంది ఫోన్ చేసి అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ కలిపి రాస్తే సరిపోద్ది అనిపించింది. కాస్త పొడుగే. మధ్యాహ్నం ఎండకి ఇంటిపట్టున ఉన్నప్పుడు తీరిగ్గా చదవండి.

ముందు, నాటకమే ఎందుకు అని అడుగుతారు. మా మనవరాలు అప్పుడు ఆరో తరగతి. మార్కులకి లోటు లేదు. కానీ ఎవరైనా ఏదన్నా అడిగితే నేల చూపులు చూసుద్ది. "పరీక్షలో అన్నీ రాస్తుందండీ, నోరు మాత్రం తెరవదు" అని టీచరమ్మ మా అమ్మాయికి చెప్పింది. స్పోకెన్ ఇంగ్లీషులో చేర్చమని కొందరన్నారు. తెలుగులోనే మాట పెగలని పిల్ల ఇంగ్లీషులో ఏం మాట్లాడుద్ది చెప్పండి!

నాకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తుంది. మా ఊళ్లో అర్జునుడి పోర్షన్ కట్టే ఆయన పగలు పాలేరు పని చేసేవాడు. నలుగురిలో తలెత్తేవాడు కాదు. రాత్రి స్టేజీ ఎక్కితే మైకు లేకపోయినా ఆఖరి చాప మీద కూర్చున్నోళ్లకి కూడా పద్యం స్పష్టంగా వినపడేది. జనం వన్స్ మోర్ అంటే మళ్లీ పాడేవాడు. ఆ గొంతు ఆయనకి పుట్టుకతో రాలేదు, నేర్పితే వచ్చింది. అందుకని నాటకం వైపు చూశా.

మన బడులకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. అంటే 49 రోజులు. మొక్కజొన్న ఒబ్బిడయ్యాక, జీలుగ చల్లేలోపు మనకీ కాస్త ఖాళీ ఉంటది. పిల్లలకి మాత్రం ఉంటే ఫోను, లేకపోతే కాలవ గట్టు. ఈతకి దిగి పిల్లలు పోయారన్న కబురు ప్రతి వేసవిలోనూ వింటూనే ఉన్నాం. కాబట్టి పిల్లల్ని ఒక మంచి పనిలో పెట్టడం అంటే సరదా ఒక్కటే కాదు.

మొదట పెద్ద ఫ్లెక్సీ ఉన్న చోటికి వెళ్లా. పేరెందుకు గానీ, మా దగ్గర టౌనులోదే. డాన్సు, డ్రాయింగు, యాక్టింగు అన్నీ కలిపి పదిహేను రోజులకి నాలుగు వేలు. నాలుగు వేలంటే మూడు డీఏపీ కట్టలు. పోనీ, పిల్ల కోసమేగా అనుకుని, చేర్చేముందు అరగంట కూర్చుని చూస్తానన్నా. హాల్లో నలభై మంది పిల్లలు, నేర్పేది ఒక్క కుర్రాడు. సినిమా డైలాగులు ఫోన్‌లో పెట్టి అనిపిస్తున్నాడు. అప్పటికే గలగలా మాట్లాడే పిల్లలు నలుగురైదుగురు ముందు వరసలో ఉన్నారు, వాళ్లకే వీడియోలు తీస్తున్నారు. వెనక పిల్లలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ల వంక చూసినవాడు లేడు. మా పిల్ల వస్తే అక్కడే నిలబడుద్ది. నేను వెతికేది వెనక వరస పిల్ల కోసం. లేచి వచ్చేశా.

రెండోది తెనాలిలో. ఒక రిటైర్డు మాస్టారు, పరిషత్తులకి నాటికలు ఆడించే మనిషి. డాబా మీద పన్నెండు మంది పిల్లలు. మైకు లేదు, పాటలు లేవు. ఒక పిల్లవాడు ఈ మూల నిలబడి పేపరు చదవాలి, ఆ మూల నిలబడ్డవాడు విన్నది తిరిగి చెప్పాలి. అరిస్తే ఒప్పుకోడు. "అరవడం వేరు, వినిపించడం వేరు. ఊపిరి పొట్టలోంచి తియ్యి" అంటాడు. మూడు రోజులు డైలాగే ఇవ్వడంట. నడవడం, ఆగడం, ఎదుటివాడు మాట్లాడేటప్పుడు ఊరికే నిలబడి వినడం, ఇవే పాఠాలు. నాకు భలే నచ్చింది. ఫీజు కూడా పదిహేను వందలే.

కానీ క్లాసు సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర. మా ఊరు పద్నాలుగు కిలోమీటర్లు. ఆ టైముకి బస్సు లేదు. రోజూ చీకట్లో పిల్లని బండి మీద తేవాలి. ఈ మాటే ఆయనతో అంటే, "మీ ఊళ్లో హార్మోనియం మాస్టారు ఒకాయన ఉండాలే, ఉన్నాడా?" అని అడిగాడు. ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. "ఇంకేం, మీరే ఊళ్లో పెట్టించుకోండి, వారానికి ఒకసారి నేనొచ్చి చూస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా అల్లుడు ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి నాటకాలేంటి మావయ్యా, రేపు నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. ఆ మాట మీ ఇళ్లల్లోనూ వచ్చుద్ది. కాబట్టి నేనేం చెప్పానో రాస్తున్నా.

సురభి నాటకాలు అందరికీ తెలుసు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టారు. మిగతా కంపెనీల్లో ఆడవేషం మగవాళ్లే కట్టే రోజుల్లో సురభి వాళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు. అక్కడ పిల్లలకి వేరే క్యాంపు లేదు. బాలకృష్ణుడిగానో లోహితాస్యుడిగానో వేషం కట్టి, పెద్దల్ని చూస్తూ నేర్చుకోవడమే. మన బాపట్ల మనిషి స్థానం నరసింహారావు గారు ఏం చేశారు? సత్యభామ వేషం కట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మగాడు ఆడవేషం కడితే దండేసిన ఊళ్లు, ఆడపిల్ల తన గొంతుతో తను మాట్లాడితే తప్పు పడతాయా?

ఇక మన రైతుల సంగతి. 1947లో సుంకర సత్యనారాయణ గారు, వాసిరెడ్డి భాస్కరరావు గారు కలిసి రాసిన మా భూమి నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. తెలంగాణ రైతుల కష్టం కోస్తా పల్లెల్లో జనానికి ఆ నాటకం చూశాకే కళ్లకి కట్టింది. నాటకం మన ఇంటి పనే, కొత్తగా టౌను నుంచి తెచ్చుకునేది కాదు.

మా అల్లుడు అంతా విని, "రిహార్సల్ అయ్యేంతసేపూ ఇంట్లో ఆడవాళ్లు ఒకరు అక్కడుండాలి" అన్నాడు. అది న్యాయమైన మాట. అందరం ఒప్పుకున్నాం.

రామాలయం పక్కన మండపంలో మే మొదటి వారం మొదలుపెట్టాం. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, మళ్లీ సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు. ఎండలో ఒక్క నిమిషం లేదు. పద్నాలుగు మంది పిల్లలు, ఇరవై అయిదు రోజులు. ఖర్చు దాచకుండా చెబుతున్నా, మీకు లెక్కకి పనికొస్తది. మాస్టారికి తాంబూలం ఆరు వేలు. మైకు, లైట్లు మూడున్నర వేలు. మేకప్పు, బట్టల అద్దె రెండు వేలు. రోజూ మజ్జిగ, అటుకులు పదిహేను వందలు. మొత్తం పదమూడు వేలు. పన్నెండు ఇళ్లు అయిదేసి వందలు ఇచ్చాయి. రెండు ఇళ్లని మేమే అడగలేదు. మిగతా ఏడు వేలు ఊరి నుంచి హైదరాబాదు వెళ్లిన కుర్రాళ్లు పంపారు.

ఆ అడగని రెండిళ్లలో ఒక పిల్లవాడు బడి మానేసి మేకలు కాస్తున్నాడు. చదవడం సరిగా రాదు. మాస్టారు, "అయితే ఏంటంట? నాతో ఆడినోళ్లలో సగం మంది సంతకం రానోళ్లే. విని పట్టేవాళ్లు" అని వాడికి పడక సీనులో కృష్ణుడి పోర్షన్ ఇచ్చాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోది. అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చే సీను. పద్యాలు రెండే ఉంచి, మిగతాది మాటల్లో పెట్టాడు. మేకల పిల్లవాడు నాలుగు రోజుల్లో తన పోర్షనే కాదు, మిగతా ఇద్దరివీ పట్టేశాడు. ఎవరన్నా మరిచిపోతే ప్రాంప్టింగ్ వాడే ఇచ్చేవాడు.

రెండో నాటిక పిల్లలే అల్లుకున్నారు. వడ్ల కొనుగోలు మీద. తేమ చూసే ఆఫీసరు వేషం మా మనవరాలిది. రైతు వేషం కట్టిన పిల్లలు బస్తాలు మోసుకుని వస్తుంటే మీటరు పెట్టి, "పదిహేడు దాటింది, ఆరబెట్టుకుని రా" అనడమే దాని పని. మొదటి వారం ఆ ఒక్క మాట దాని పెదాల దగ్గరే ఆగిపోయేది. మాస్టారు కసరలేదు. రోజూ ఒక అడుగు వెనక్కి వెళ్లి నిలబడి, "నాకు వినపడలా తల్లీ" అనేవాడు. పదో రోజుకి మండపం గేటు దగ్గర నిలబడ్డాడు. అక్కడికీ వినపడింది.

ఆట రోజు మూడొందల మంది దాకా వచ్చారు. నాలుగోసారి అదే రైతు బస్తా తెచ్చి, అదే మాట విని, మబ్బు వంక చూస్తూ కూలబడ్డప్పుడు అప్పటిదాకా నవ్విన జనం గమ్మున అయిపోయారు. అది ఎవరూ రాసిచ్చింది కాదు. మనం రాత్రిళ్లు అరుగుల మీద కూర్చుని చెప్పుకునేవన్నీ ఈ పిల్లలు పక్కన పడుకుని విన్నారన్నమాట. మా అల్లుడు నా పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు గానీ, ఈ వేసవికి అయిదు వందలు అడక్కుండానే ఇచ్చాడు.

మనవరాలు ఒక్కసారిగా గలగలా మాట్లాడే పిల్ల అయిపోయిందని చెప్పను. ఇప్పటికీ మితంగానే మాట్లాడుద్ది. కానీ క్లాసులో అర్థం కాకపోతే లేచి అడుగుతుందంట. నాకది చాలు. మేకల పిల్లవాణ్ణి జూన్‌లో మళ్లీ బడిలో చేర్చారు. నిలుస్తాడో లేదో చూడాలి, తండ్రికి మేకలు చూసే మనిషి లేడు.

ఇక మీరు పిల్లల్ని ఎక్కడన్నా చేర్చేముందు చూసుకోవాల్సినవి:

1. నేర్పే మనిషి ఎప్పుడైనా స్టేజీ మీద ఆడాడా, ఆడించాడా? ఎక్కడో అడగండి. ఆడినవాడైతే అరగంట సంతోషంగా చెబుతాడు.

2. ఒక్క మాస్టారికి ఎంతమంది? ఇరవై దాటితే వెనక వరస మొదలవుద్ది.

3. ఎన్ని రోజులు? పది రోజుల్లో నాటిక తయారవడం కష్టం. మూడు వారాలన్నా ఉండాలి. దేశంలో పేరున్న చోటైనా అంతే. ఢిల్లీ జాతీయ నాటక పాఠశాలకి పిల్లల కోసం 1989లో మొదలైన విభాగం ఉంది, వాళ్లు వేసవిలో పెట్టే శిక్షణ కూడా వారాల తరబడి సాగేదే. మైసూరు రంగాయణలో ఏటా జరిగే చిన్నర మేళా కూడా అలాంటిదే.

4. చివర ఆట ఉందా? అందులో ప్రతి పిల్లకీ మాటో పనో ఉందా? చెట్టు వేషమైనా సరే, తెర లాగే పనైనా సరే. సర్టిఫికెట్ ఒక్కటే ఇస్తామంటే వద్దు.

5. రిహార్సల్ చూడనిస్తారా? తల్లిదండ్రుల్ని గుమ్మం బయట నిలబెట్టే చోట పిల్లల్ని వదలకండి. ఆడమనిషి ఒకరు ఉండాలి, మరుగుదొడ్డి ఉండాలి, చీకటి పడకముందే పిల్లలు ఇల్లు చేరే వీలుండాలి.

6. ఫీజులో మేకప్పు, బట్టలు కలిసి ఉన్నాయా? లేకపోతే ఆఖరి రోజు ఇంకో రెండు వేలు అడుగుతారు.

హైదరాబాదులో మనవాళ్ల పిల్లలుంటే పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, ప్రభుత్వానిది. వేసవిలో పిల్లలకి ఆటలు, కళలు నేర్పుతారు. వెళ్లి కనుక్కోండి. మిగతావాళ్లు ముందు మీ ఊళ్లోనే అడగండి. హార్మోనియం వాయించిన మనిషో, ఒకప్పుడు వేషాలు కట్టిన మనిషో, పరిషత్తుకి నాటిక రాసిన తెలుగు మాస్టారో పక్క ఊళ్లో అయినా ఉంటారు. సెలవులిచ్చాక కాదు, మార్చిలోనే వెళ్లి మాట్లాడండి. మా మాస్టారు ఈ ఏడు కూడా చెబుతానన్నారు గానీ, రెండో కంటికీ ఆపరేషన్ ఉంది. అందుకని ఈసారి ఆయన పక్కన మా ఊరి కుర్రాళ్లు ఇద్దరిని కూర్చోబెడుతున్నాం, హార్మోనియం నేర్చుకోవడానికి. పిల్లలకి నేర్పడం ఎంత అవసరమో, నేర్పేవాళ్లని తయారు చేసుకోవడమూ అంతే అవసరం.

మీ ఊళ్లో ఎవరైనా మొదలుపెడితే నాకు కబురు చెయ్యండి. ఆట రోజు వస్తా. మా మేకప్పు పెట్టె, రెండు కిరీటాలు ఉన్నాయి. కావాల్సినవాళ్లు పట్టుకెళ్లి మళ్లీ తెచ్చివ్వండి.

ఉంటాను.