మాజీ సైనికుల ప్రశ్నలు

సైనికుడు కొలువులో ఉన్నంతకాలం అతని తిండి, బట్ట, వైద్యం అన్నీ ప్రభుత్వమే చూచుకుంటుంది. జ్వరం వస్తే రెజిమెంటు డాక్టరున్నాడు. జబ్బు ముదిరితే మిలిటరీ ఆసుపత్రి ఉన్నది. అతడు అడుగవలసిన పని లేదు. యూనిఫారం విడిచి ఇల్లు చేరిన మరునాటి నుండి మాత్రం ప్రతిదానినీ అడిగి తెచ్చుకోవలసిన వాడవుతున్నాడు. ఎవరిని అడగాలి, ఏ భాషలో అడగాలి, ఏ కాగితం చూపి అడగాలి అన్న మూడు సంగతులను అతనికి ఏ పరేడు మైదానంలోనూ నేర్పలేదు. గత డిసెంబరు నుండి నాచారం, ఉప్పల్ ప్రాంతాలలో మేము విన్న ప్రశ్నలన్నీ ఈ మూడింటి చుట్టూ తిరిగినవే. వానిలో కొన్నింటిని కళాశాల మిత్రుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతం సంగతి ముందుగా కొంత చెప్పుకోవాలి. 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరిట సికిందరాబాదు వెలసిన నాటి నుండి ఈ నగరానికి ఉత్తర దిక్కు సిపాయిల నెలవు. తిరుమలగిరిలో, బొల్లారంలో కొలువు చేసినవారు, దేశంలో మరెక్కడో కొలువు చేసి ఈ నీళ్ళకు అలవాటుపడినవారు ఇక్కడనే స్థిరపడినారు. పెద్ద హోదాలలో విరమించినవారు ఎందరో సైనిక్‌పురి వైపు ఇళ్ళు కట్టుకున్నారు. చిన్న హోదాలలో విరమించిన వారిని మేము నాచారం పారిశ్రామికవాడలో చూచినాము: కర్మాగారాల గేట్ల వద్ద, గోదాముల ముందు, అపార్టుమెంట్ల మెట్ల కింద. ముప్పై అయిదు, నలభై ఏళ్ళ వయస్సులోనే జవాను ఇంటికి తిరిగి వస్తాడు. పిల్లల చదువులు అప్పుడే మొదలై ఉంటాయి. కనుక ఆ చేతికి రెండవ కొలువు తప్పదు; తుపాకి పట్టిన చేయికి కాపలా కొలువే తేలికగా దొరుకుతుంది.

1949 నుండి ఏటా డిసెంబరు 7వ తేదీన సాయుధ దళాల పతాక దినం జరుగుతున్నది. ఆనాడు చిన్న జెండాలు పంచి విరాళాలు పోగుచేస్తారు. మాలో ఏడుగురం, కొందరం ఉర్దూ చదివినవాళ్ళం, కొందరం తెలుగు చదివినవాళ్ళం, ఆ పని మీదనే నాచారం వీధులలో తిరిగినాము. ఒక చాయ్ హోటలు బల్ల మీద కూర్చున్న పెద్దాయన పది రూపాయలిచ్చి జెండా అందుకున్నాడు. చొక్కాకు గుచ్చుకుంటూ, “బేటా, ఈ పైసలు ఎవరికి పోతాయి?” అని అడిగినాడు. తెలుసుకొని వచ్చి చెబుతామన్నాము. తానూ ఫౌజీనేనని, 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున లారీ నడిపినానని అప్పుడు చెప్పినాడు. ఏటా ఈ రోజున ఎవరు వచ్చినా జెండా కొంటూనే ఉన్నాడట.

ఆ చచా తొమ్మిదేళ్ళు కొలువు చేసి, ఇంటి కష్టాల వల్ల విడుదల కోరి వచ్చినాడు. జవానుకు సేవా పింఛను రావాలంటే 15 సంవత్సరాల కొలువు నిండాలి. కనుక ఆయనకు పింఛను లేదు. ఆ తరువాత పాతికేళ్ళకు పైగా కాపలా పని చేసి, చూపు మందగించి ఇంట కూర్చున్నాడు. మాజీ సైనికుడు అన్న మాట విన్నంతనే మనకు పింఛను గుర్తుకు వస్తుంది. కాని పింఛను లేని మాజీ సైనికులున్నారు. వారే అందరికన్న తక్కువ అడిగేవారు. అడిగే హక్కు తమకు లేదనుకొనేవారు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి విచారించి, నియమాలు చదివి తెలుసుకున్న సంగతి ఇది. జెండా పైసలు చేరేది సాయుధ దళాల పతాక దిన నిధికి. ఆ నిధి నుండి కేంద్రీయ సైనిక్ బోర్డు మాజీ సైనికులకు, వారి వితంతువులకు సహాయాలు ఇస్తున్నది. వానిలో ఒకటి, పింఛను గాని వేరే నిలకడైన ఆదాయం గాని లేని, 65 ఏళ్ళు దాటిన, హవల్దారు వరకు హోదా గల మాజీ సైనికులకు ఇచ్చే నెలసరి సహాయం. ఇది నెలకు 4,000 రూపాయలుగా ఉండేది. 2025 నవంబరు 1 నుండి పెట్టిన దరఖాస్తులకు 8,000 రూపాయలయినది. అంటే చచా ఏటేటా పది రూపాయలు వేస్తూ వచ్చిన హుండీలోనే ఆయన వాటా కూడ ఉన్నది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన సంతోషించలేదు. చాలాసేపు ఊరుకొని, “పదేళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే మీ చాచీకి కళ్ళ ఆపరేషను అయ్యేది” అన్నాడు. దరఖాస్తు నింపడానికి మాకు మూడు ఆదివారాలు పట్టినవి. వానకు తడిసిన డిశ్చార్జి బుక్కులో ఫోటో ఊడిపోయినది. నంబరు మాత్రం మిగిలినది. ఇది రాసేనాటికి దరఖాస్తు విచారణలో ఉన్నది.

వైద్యం సంగతికి వస్తే, పింఛను గలవారి పరిస్థితి కొంత మెరుగు. ఒకప్పుడు విరమించిన సైనికునికి మిలిటరీ ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉంటేనే చోటు. 2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల చందాతో కూడిన ఆరోగ్య పథకం, అందరూ ఇ.సి.హెచ్.ఎస్. అని పిలిచేది, ఆరంభమైనది. విరమించేటప్పుడు ఒక్కసారి చందా కట్టితే సైనికునికి, భార్యకు, ఆధారపడిన పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడిన తల్లిదండ్రులకు జీవితాంతం వైద్యం. 1996 జనవరి 1కి ముందు విరమించిన వారికి ఆ చందా కూడ లేదు. రోగి ముందు పాలిక్లినిక్కుకు పోవాలి. అక్కడి డాక్టరు చీటీ ఇస్తే పథకం జాబితాలోని ఆసుపత్రికి పోవాలి. 2019 మార్చిలో ఈ పథకం తలుపు రెండవ ప్రపంచ యుద్ధ సైనికులకు, ఎమర్జెన్సీ కమిషన్, షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులకు, మరికొందరికి కూడ తెరచినారు.

పథకం మంచిదే. చిక్కంతా అర్ధరాత్రి వస్తుంది. ఉప్పల్ దగ్గర ఒక ఇంట విరమించిన నాయక్‌కు తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చినది. భార్య ఇరుగుపొరుగు వారిని లేపి, ఆటోలో దగ్గరి నర్సింగ్ హోమ్‌కు తీసుకొనిపోయినది. అది జాబితాలో లేనిది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఏ ఆసుపత్రికైనా పోవచ్చునని నియమం ఉన్నది. కాని 48 గంటల లోపల పాలిక్లినిక్కుకు కబురు చేయాలి. ఆ సంగతి ఆమెకు తెలియదు. కార్డు భర్త పెట్టెలో ఉన్నది, పెట్టె తాళంచెవి భర్త మొలతాడుకున్నది. ఆరవ రోజున కొడుకు ఊరి నుండి వచ్చి బిల్లులు తీసుకొనిపోతే గడువు దాటినదన్నారు. “బాబూ, ఆయన బతుకుతాడా లేదా అని చూస్తూ కూర్చున్నదానికి గడియారం చూడమంటే ఎట్లా?” అని ఆమె మమ్ములను అడిగినది. ఆలస్యానికి కారణం వివరిస్తూ దరఖాస్తు రాసి ఇచ్చినాము. జవాబు ఇంకా రాలేదు. ఆ ఇంట ఇప్పుడు పాలిక్లినిక్కు ఫోను నంబరు బియ్యం డబ్బా మూత మీద అంటించి ఉన్నది. ఆ తరువాత మేము వెళ్ళిన ప్రతి ఇంట మొదట చేసిన పని అదే.

కాపలా కొలువు చేసే మాజీ సైనికునికి ఇంకొక తలుపు కూడ ఉన్నది. నాచారంలోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి మన అందరికీ తెలిసినదే. నెల జీతం 21,000 రూపాయల లోపల ఉన్న కార్మికుని జీతంలో నూటికి ముప్పావలా, యజమాని వంతుగా నూటికి మూడుంబావలా ఆ బీమాకు చేరుతుంది. పింఛను లేక, ఇ.సి.హెచ్.ఎస్. కార్డు లేక కాపలా కాసేవానికి ఇది పెద్ద ఆసరా. కొలువు పోతే ఇది కూడ పోతుందని చాలమంది అనుకుంటున్నారు. కనీసం అయిదేళ్ళు బీమాలో ఉండి వయసు మీరి విరమించిన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కట్టి తనకు, భార్యకు వైద్యం పొందవచ్చును. ఈ నియమాన్ని మేము చెప్పే వరకు విన్నవారు మాకు ఒక్కరు కూడ తారసపడలేదు. ఇక 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం ఉన్నది. చచాకు ఇది వర్తిస్తుంది. ఇ.సి.హెచ్.ఎస్. ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. తొందరపడి పాతదాన్ని వదులుకోవద్దని మా మనవి.

అన్నిటికన్న ఎక్కువగా విన్న ప్రశ్న పేరును గురించి. ఒకప్పుడు సైన్యంలో రోమన్ లిపిలో రాసిన ఉర్దూనే పాఠం, పత్రం. ఆ అలవాటులో మహమ్మద్ అన్న పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా ‘యు’ అక్షరంతో, ఇంకొకరు ‘ఓ’ అక్షరంతో, మరొకరు ‘ఎం.డి.’ అని రెండక్షరాలతో రాసినారు. తెలుగువారికి ఇంటిపేరుతో ఇదే అవస్థ: ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనుక, ఒకచోట ఒంటి అక్షరం. భార్య పేరు పెళ్ళినాడు ‘బీ’ అని రాస్తే ఆధార్‌లో ‘బేగం’ అయినది. భర్త ఉన్నంతకాలం ఇది ఎవరికీ పట్టదు. ఆయన కన్నుమూసిన తరువాత కుటుంబ పింఛను దగ్గర ఆ ఒక్క అక్షరమే గోడ అవుతుంది. 1965లో శత్రువు ట్యాంకులను ఎదిరించి ప్రాణమిచ్చిన పరమవీర చక్ర గ్రహీత అబ్దుల్ హమీద్ పేరును పుస్తకాలలో రెండు మూడు విధాలుగా రాస్తున్నారు. ఆయన ఎవరో ఎవరికీ సందేహం కలుగదు. ఒక లాన్స్ నాయక్ వితంతువు విషయంలో మాత్రం ఆ సందేహం పద్నాలుగు నెలలు నిలిచినది. దిద్దుబాటుకు భర్త రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయాలి. ఇ.ఎం.ఇ., ఆర్డినెన్సు దళాల రికార్డు ఆఫీసులు మన సికిందరాబాదులోనే ఉన్నవి. ఆర్టిలరీ వారిది నాసిక్, మద్రాసు రెజిమెంటు వారిది నీలగిరి కొండలలోని వెల్లింగ్టన్. ఆ ఖాలాకు వెల్లింగ్టన్ ఎక్కడున్నదో తెలియదు, తెలియవలసిన అవసరమూ ఇంతకాలం రాలేదు. భర్త బతికి ఉండగానే పేర్లన్నీ సరిచూచుకోవడం ఒక్కటే దీనికి మందు.

మిత్రులారా, ఇది ముసలివారి సంగతి మాత్రమే అనుకోవద్దు. మన తరగతి గదులలోనే మాజీ సైనికుల పిల్లలున్నారు. హవల్దారు వరకు హోదా గలవారి ఇద్దరు పిల్లలకు డిగ్రీ వరకు చదువు సహాయం నెలకు 1,000 నుండి 2,000 రూపాయలకు పెరిగినది. వృత్తి విద్యలు చదివేవారికి ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు కింద అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు ఉన్నది. రెండింటికీ దరఖాస్తు గడువు తిథి వంటిది, దాటితే మళ్ళీ ఏడాది. ఇంకొక సంగతి: 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారిలో నూటికి 25 మంది వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవారు నాలుగేళ్ళకు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. వారికి పింఛను లేదు. మన తోటివారిలో సైన్యంలో చేరదలచినవారు సంతోషంగా చేరవచ్చు. కాని తిరిగి వచ్చిన తరువాత తమకు ఏమి ఉన్నది, ఏమి లేదు అన్నది పోయే ముందే చదువుకొని పోవాలి. చచా చేరిననాడు ఆయనకు చదివి చెప్పినవారు లేరు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం చిన్నది. నెలకు ఒక ఆదివారం ఒక గది తెరచి ఉంచితే చాలు. ఉర్దూ చదివేవారొకరు, తెలుగు రాసేవారొకరు, ఇంగ్లీషులో దరఖాస్తు నింపేవారొకరు కూర్చుంటారు. మన కళాశాలలో ఈ మూడు భాషలూ ఒకే కప్పు కింద ఉన్నవి. ఏ కార్యాలయంలోనూ ఇంత సులభంగా దొరకవు. ఖర్చు కాగితాలకు, జిరాక్సులకు మాత్రమే. సైనిక సంక్షేమ కార్యాలయం వారిని సంవత్సరానికి ఒకసారి పిలిచి మాట్లాడిస్తే మేము చెప్పేదానిలో తప్పు దొర్లకుండా ఉంటుంది.

ఏటా నవంబరులో పింఛనుదారులు తాము బతికి ఉన్నామని జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. వేలిముద్ర అరిగిపోయిన తల్లులు యంత్రం ముందు పదే పదే బొటనవేలు తుడుచుకుంటూ నిలబడడం మేము చూచినాము. ముఖం చూపి ఫోనులోనే ఆ పత్రం ఇచ్చే వీలు ఇప్పుడు వచ్చినది; వారికి ఆ ఫోను పట్టి చూపేవారు కావాలి. వచ్చే నవంబరు లోపల ఆ గది తలుపు తెరచుకుంటే, మన వీధులలోని కొందరు తల్లులకైనా ఆ వరుసలో నిలబడే పని తప్పుతుంది.